నబెతారి సున్నా

నబెతారి దీవి, దక్షిణపు ఊరు
2024 జూన్ 2, ఆదివారం

చిరంజీవి రుతియాకు,

మీ మామయ్య నకిబే దీవించి రాస్తున్న ఉత్తరం. నీకూ నీ పిల్లలకూ ఆరోగ్యం, ఇంట్లో శాంతి, పట్టిన పనిలో కలిసిరావడం దేవుడు దండిగా ఇవ్వాలి. ఇక్కడ నేను క్షేమం. క్షేమమంటే డెబ్బై ఎనిమిదేళ్ల వాడి క్షేమమే అనుకో. పళ్లు నాలుగు మిగిలాయి. మొగలిపండు నమలలేక పక్కింటివాళ్ల చేత దంచించుకుని తింటున్నాను. నాలుగు నెలలుగా వాన లేదు. చేమదుంపల గుంటల్లో నీళ్లు ఉప్పబడ్డాయి, ఆకులు పసుపు తిరిగాయి. కొబ్బరి నీరా మాత్రం పొద్దున్నా సాయంత్రం చుక్క తగ్గకుండా దిగుతోంది, దాంతోనే బతుకుతున్నాం.

నీ ఉత్తరం పోయిన శుక్రవారం విమానంలో వచ్చింది. ఫోన్ చేయకుండా రాసి మంచి పని చేశావు. ఇక్కడ సిగ్నల్ దొరికేది ఒక్క కౌన్సిల్ ఆఫీసు అరుగు మీదే. అక్కడ నిలబడి మాట్లాడితే ఊరంతా చెవులు రిక్కించి విని, నాకంటే ముందే నీకు జవాబు చెప్పేస్తారు.

నువ్వు అడిగినవి రెండు. ఆగస్టులో మన దీవి సీటుకు నిలబడుతున్నావు కాబట్టి, ఈ సీటుకు మొదటినుంచీ జరిగిన ఎన్నికల సంగతి నాకు గుర్తున్నంత రాయమన్నావు. సంతోషం. రాజధాని తరావా ఆసుపత్రిలో ఇరవై ఏళ్లు నర్సుగా చేసినదానివి. రోగుల్ని తీసుకెళ్లడానికి దీవికంటూ ఒక పడవ కావాలని పార్లమెంటులో లేచి అడగడానికి నీకంటే తగినవాళ్లు ఎవరున్నారు? రెండోది కష్టమైనది. పెద్దలు నీకు షరతు పెట్టారు. ఈ నెల ఇరవై రెండున మనియాబా కొట్టం కింద, ఊరంతా కూర్చున్న సభలో, మీ నాన్న ఇయోతెబా 1987లో దీవి మాట తప్పినందుకు నువ్వు తల వంచి క్షమాపణ అడగాలి. అడిగితే తమ మాట నీకిస్తారు, ఓట్లన్నీ నీవే. అడగకపోతే నీ పేరు ఎత్తరు. అడగమంటావా మామయ్యా, నాన్న నిజంగా ఆ పని చేశాడా అని రాశావు.

చరిత్ర ముందు చెబుతాను. అది తెలిస్తేగానీ రెండోది అర్థం కాదు.

మొదటి ఎన్నిక 1978లో. అప్పటికి నేను ఈ దీవికి బడిపంతులుగా వచ్చి మూడేళ్లు, మీ అత్త తెరీతియాను చేసుకుని రెండేళ్లు. పెద్దలు మనియాబాలో మూడు రోజులు కూర్చున్నారు. ఏ వంశం వాళ్లు ఆ వంశపు స్తంభం దగ్గర, ఆడవాళ్లు వెనక చాపల మీద. పొగాకు కాల్చారు, దగ్గారు, కునికారు, చివరికి ఒక్క పేరు చెప్పారు. ఓడలో వచ్చిన ఎన్నికల అధికారి వాంతులతో సగం చచ్చి దిగాడు. పేరు ఒక్కటే అయితే పోలింగే అక్కర్లేదు, మీ సభ్యుడు గెలిచేశాడు అన్నాడు. ముసలివాళ్లకు ఒళ్లు మండింది. పంది కోశాం, కొబ్బరాకులు కట్టాం, ఆ పెట్టె చూపించకుండానే పోతావటయ్యా అని పట్టుకున్నారు. పాపం ఆయన ఖాళీ పెట్టెను మనియాబా మధ్యలో పెట్టి గంటసేపు పక్కన కూర్చున్నాడు. జనం వరసగా వచ్చి దాన్ని చూసి, తట్టి, చీలికలోకి తొంగిచూసి వెళ్లారు. మన ప్రజాస్వామ్యం అలా మొదలైంది.

1982లో ఆ నవ్వులు లేవు. ఉత్తరపు ఊరు ఒకడిని, దక్షిణపు ఊరు ఒకడిని నిలబెట్టాయి, మధ్యలో ఇంకొకడు సొంతంగా నిలబడ్డాడు. పెద్దలు ఎనిమిది రోజులు కూర్చున్నా ఒక పేరు రాలేదు. పోలింగ్ జరిగింది. ఎవరికీ సగం దాటలేదు, వారం తర్వాత మళ్లీ జరిగింది. నాలుగు ఓట్ల తేడాతో దక్షిణం గెలిచింది. ఆ నాలుగు ఓట్లు ఎవరివో తెలుసుకోవడానికి అన్నదమ్ములు కొట్టుకున్నారు. కుదిరిన పెళ్లిళ్లు రెండు తప్పిపోయాయి. ఉత్తరపు ఊళ్లో పడవల పాక ఎవరో తగలబెడితే మూడు పడవలు బూడిదయ్యాయి. పట్టిన చేపను పక్కింటికి పంచకపోవడం నబెతారిలో అప్పుడే మొదటిసారి చూశాను.

మరుసటి ఏడే పార్లమెంటు రద్దయి మళ్లీ ఎన్నిక వచ్చింది. ఈసారి పెద్దలు భయపడ్డారు. ప్రతి ఇంటి పెద్దనూ మనియాబాలో నిలబెట్టి బైబిలు మీద ఒట్టు వేయించారు. పెద్దలు ఒక పేరు చెబితే దీవి మొత్తం ఆ పేరుకే వేయాలి. లోపల ఎంతైనా వాదించుకోండి, బయటికి వచ్చాక ఒకటే మాట. అలా వచ్చినవాడు కైతారా. కొబ్బరి దుకాణంలో గుమాస్తా, నవ్వు మొహం, ఎవరింట చావైనా ముందు చాప పట్టుకొచ్చేవాడు. అతని మీద తియోనె అని, తరావాలో స్థిరపడిన మన దీవివాడే ఒకడు, పాత పగతో నామినేషన్ వేశాడు. ఫలితం రేడియోలో చదివారు. కైతారా 391. తియోనె అని చదివి, ఆ వార్తలు చదివే అమ్మాయి ఆగిపోయింది. కాగితం తప్పు పడిందనుకుంది కాబోలు. తర్వాత సున్నా అంది. మళ్లీ ఒకసారి, సున్నా అంది. ఇక్కడ చెక్కపెట్టెలు డప్పుల్లా వాయించారు, ఎగిరారు. తియోనె పిన్ని ఇక్కడే ఉండేది. నువ్వు కూడా వేయలేదేమే అంటే, "వాడొస్తే అన్నం పెడతాను గానీ ఓటెందుకు వేస్తాను?" అంది.

ఆ సున్నా మనకు పరువైపోయింది. వేరే దీవులవాళ్లు తమ పడవల వేగం గురించి గొప్పలు పోతే, మనవాళ్లు సున్నా గురించి చెప్పుకునేవారు. నేనూ బడిలో పిల్లలకు చెప్పాను. సిగ్గుపడుతున్నాను గానీ చెప్పాను.

ఇక 1987. నీకు అప్పుడు నాలుగేళ్లు. ఎవరూ నీకు సరిగ్గా చెప్పి ఉండరు.

ఆ ముందు డిసెంబరులో మీ అత్తకు నొప్పులు వచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. పొరుగు దీవిలో డాక్టరున్నాడు, మోటారు పడవలో ఏడు గంటల దారి. దీవికి ఉన్నది ఒకే మోటారు పడవ. అది లేదు. కైతారా ఆ పొరుగు దీవిలో విందు ఇస్తూ, పందుల్నీ చాపల్నీ దాంట్లో ఎక్కించుకుని వెళ్లాడు. రెండు రోజులు ఆమె అరిచింది. మూడో రోజు అరవలేదు. తల్లినీ బిడ్డనూ ఒకే చాపలో చుట్టి బడి వెనక పెట్టాం. పడవ ఆ మరునాడు వచ్చింది, విందులో మిగిలిన మాంసంతో. కైతారా మా ఇంటికి చాప పట్టుకొచ్చాడు, ఏడ్చాడు కూడా. నటించాడని నేననను.

ఫిబ్రవరిలో మనియాబాలో పెద్దలు మళ్లీ కైతారా పేరే చెప్పారు. కైతారా ఆచారం ప్రకారం పెద్దలకు పొగాకు సమర్పించాడు. అప్పుడు మీ నాన్న లేచాడు. ఇరవై తొమ్మిదేళ్లవాడు, పెద్దలుండగా లేవకూడని వయసు. "తప్పైతే మన్నించండి. ఆ పడవ దీవిదా, కైతారాదా? మా అక్క నేల మీద పడి రెండ్రోజులు అరుస్తుంటే దాంట్లో పందులెక్కాయి. ఇంతమంది కూర్చున్నారు, ఒక్కరూ అడగరేం?" అన్నాడు. అందరూ నావైపు చూశారు. భార్యను పోగొట్టుకున్నవాడిని నేను. నేను చాప అల్లిక లెక్కపెడుతూ కూర్చున్నాను. వేరే దీవి నుంచి వచ్చిన ఇల్లరికపు అల్లుడికి మనియాబాలో నోరు ఉండదని నాకు నేను చెప్పుకున్నాను. పెద్ద ముసలాయన మీ నాన్నతో "కూర్చో అబ్బాయ్, దుఃఖం ఇంట్లో పడాలి. ఇది దీవి మాట" అన్నాడు. వెనక చాప మీంచి మీ నాయనమ్మ కరోతు కూడా "కూర్చోరా, మాట ఇచ్చేశాం" అంది. ఆవిడకు అప్పటికే రెండు కళ్లూ పోయాయి, మనిషిని మాత్రం గొంతును బట్టి పట్టేసేది. ఇంటింటి వంతూ వచ్చింది. తన వంతు రాగానే మీ నాన్న తల వంచి, సరే అన్నాడు.

మార్చిలో పోలింగు, ఈసారీ కైతారా మీద తియోనె నిలబడ్డాడు. మీ వాళ్లుండేది దీవి మధ్య ఉన్న సముద్రపు మడుగుకు అవతల, బికెనా దిబ్బ మీద. ఓటర్లు పదకొండు మంది, అంతా ఒకే కుటుంబం. ఆ సభకు ఎలాగో మోసుకొచ్చారు గానీ, మీ నాయనమ్మ మాటిమాటికీ మడుగు దాటలేదు కాబట్టి అక్కడికే ఒక పెట్టె పంపేవారు. ఆ పెట్టెకు అధికారిగా నన్ను వేశారు. సాయానికి కౌన్సిల్ నుంచి ఒక గుమాస్తా అమ్మాయి. పెట్టె అక్కడా, నా ఓటు ఇక్కడా కావడంతో ఆ ఏడు నేను వేయలేకపోయాను. మధ్యాహ్నానికే పదకొండూ పడ్డాయి. అంతలో పడమటి గాలి లేచింది. మడుగు నల్లగా మారింది. పెట్టెను తీసుకెళ్లాల్సిన పడవ దించలేకపోయారు. ప్రతిసారీ పెట్టెలన్నీ మనియాబాకు చేర్చి, ఒకే చాప మీద కుమ్మరించి, కలిపి, అప్పుడు లెక్కపెట్టేవాళ్లం. ఏ కాగితం ఏ దిబ్బదో దేవుడికే తెలియాలి. ఆ రోజు నాలుగింటికి రేడియో సెట్లో పెద్ద అధికారి గొంతు వచ్చింది. గాలి మూడు రోజులు తగ్గదు, తరావా వాళ్లు అంకెలు అడుగుతున్నారు, మీ పెట్టె అక్కడే విప్పి లెక్క చెప్పండి మాస్టారూ అన్నాడు.

పదకొండు మంది చుట్టూ కూర్చుని చూస్తుండగా చాప మీద కుమ్మరించాను. ఒక్కొక్కటీ విప్పి, ఎత్తి చూపించి, పేరు చదివాను. పది కైతారాకు. ఒకటి తియోనెకు.

మిగతా దీవి మొత్తం మీద కైతారాకు 402, తియోనెకు సున్నా. బికెనా పది, ఒకటి. రేడియోలో అలాగే చదివారు.

గాలి తగ్గాక పెద్దలు పడవెక్కి వచ్చారు. పదకొండు మందినీ పిలిచి బైబిలు మీద చెయ్యి వేయించారు. ముందు మీ నాయనమ్మ. తడబడకుండా కైతారా అంది. ఆవిడ మాటను అనుమానించే మనిషి ఈ దీవిలో పుట్టలేదు. మీ నాన్న కూడా "కైతారాకే వేశాను" అన్నాడు. నవ్వారు. "అయితే ఆ ఒకటీ ఎండ్రకాయ వచ్చి వేసిందేమో" అన్నాడు ఒకడు. మనియాబాలో లేచి ఎదిరించినవాడు అతనొక్కడే కదా. మీ నాయనమ్మ చెయ్యి చాచి కొడుకు మొహం తడిమింది. "వేసి ఒప్పుకుంటే నా కొడుకువి. అబద్ధమాడితే నువ్వెవరివిరా?" అంది.

శిక్ష నీకు తెలుసు. మనియాబాలో మీ నాన్న కూర్చునే చోటు తీసేశారు. అతని వలకు ఎవరూ చెయ్యి వేయకూడదు, అతని చేపను ఎవరూ తినకూడదు, అతనితో పడవ ఎక్కకూడదు. మీ అమ్మ నాలుగు నెలలు ఓర్చుకుని నిన్ను తీసుకుని తన పుట్టిన దీవికి వెళ్లిపోయింది. అక్టోబరులో మీ దగ్గరికి రావాలని మీ నాన్న తెరచాప పడవ దించాడు. మన పడవ నీకు తెలుసు. గాలి మారినప్పుడల్లా తెరచాపను ఈ కొస నుంచి ఆ కొసకు మోయాలి, ఒకడు మోస్తుంటే ఇంకొకడు చుక్కాని పట్టాలి. ఇద్దరు కావాలి. ఎవరూ ఎక్కలేదు. ఒక్కడే వెళ్లాడు. నెల తర్వాత, పడవ ఒరగకుండా పక్కన కట్టే తేలుకట్టె ఒక్కటి ఉత్తరపు ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

మిగిలిన చరిత్ర పెద్దగా లేదు. 1991లోనూ 94లోనూ కైతారా మీద ఎవరూ నిలబడలేదు. తియోనె కూడా మానేశాడు. కైతారా పోయాక కొడుకు, కొడుకు తర్వాత మేనల్లుడు. అన్నీ పెద్దల మాటే, అన్నీ సున్నాలే. ఒకటి మాత్రం మారింది. ఇప్పుడు పెట్టెలు కలపరు. ఏ ఊరిది ఆ ఊళ్లోనే విప్పమని పెద్దలే అడిగి చేయించుకున్నారు. ఎవరి దగ్గర ఒకటి పడిందో తెలియాలి కదా. ముప్పై ఏడేళ్లుగా ఇంకెక్కడా పడలేదు.

నీ ప్రశ్నకు వస్తాను. అడుగమ్మా. నా సలహా అదే. మాటదేముంది, అరనిమిషం తల వంచితే అయిపోతుంది. పోయినవాడికి ఇక నొప్పి లేదు. నువ్వు గెలిస్తే ఆ పడవ వస్తుంది, మీ అత్తలాగా ఇంకొకరు నేల మీద చావరు. మీ నాన్న బతికి ఉన్నా అడగమనే అనేవాడు. పిల్లల్ని అడిగానని చెప్పు. ఎండలో తిరగకు.

నీ మేలు కోరే మామయ్య,
నకిబే

తాజా కలం:

జూన్ 13, గురువారం. ఇంధనం లేక పోయిన శుక్రవారం విమానం రాలేదు. ఉత్తరం ఇంకా నా బల్ల మీదే ఉంది. రేపు వస్తుందంటున్నారు. పోయిన వారమే వచ్చి ఉత్తరం వెళ్లిపోయి ఉంటే బాగుండేదేమో, లేక ఇది రాయడానికే ఆగిందేమో, తెలియదు.

మొన్న మంగళవారం బరనికో వచ్చాడు. అప్పటి పెద్ద ముసలాయన కొడుకు, ఇప్పుడు ఆ చోట కూర్చునేది అతనే. నీరా తాగి, నా మోకాలి గురించి అడిగి, అప్పుడు చెప్పాడు. "అమ్మాయి క్షమాపణ అడిగే ముందు తప్పేంటో సభకు చెప్పాలి కదా మాస్టారూ. ఆ రోజు పెట్టె మీ చేతిలో ఉంది. మీరే లేచి చెప్పండి, ఆ ఓటు ఇయోతెబాదని. మీ మాటకు తిరుగుండదు" అన్నాడు. ఇన్నేళ్లలో మనియాబాలో నాకు నోరు ఇచ్చింది ఇదే మొదటిసారి. సరే అన్నాను. అతను వెళ్లాక పైన రాసిన ఉత్తరం మళ్లీ చదువుకున్నాను. మీ నాన్న బతికి ఉంటే అడగమనేవాడని రాశాను. అంత నీచమైన వాక్యం నా జీవితంలో ఇంకొకటి రాయలేదు.

రుతియా, అడగకు.

చూపులేనివాళ్ల ఓటు ఎలా వేయిస్తారో నీకు తెలుసు. వాళ్లు అధికారి చెవిలో పేరు చెబుతారు, అధికారి గుర్తు పెడతాడు, రెండో మనిషి పక్కన ఉండి చూడాలి. మీ నాయనమ్మ వచ్చేసరికి గుమాస్తా అమ్మాయిని, తర్వాతివాళ్లను పిలుచుకురమ్మని బయటికి పంపాను. మీ నాయనమ్మ నా చెవిలో కైతారా అంది. ఇంకోసారి చెప్పండి అత్తయ్యా అన్నాను. "కైతారా నాయనా. బిడ్డ పోయింది, ఒట్టు కూడా పోగొట్టుకోమంటావా?" అంది. మీ అత్తను పూడ్చి అప్పటికి మూడు నెలలు. ఆ పేరు ఆ నోటి నుంచి రెండుసార్లు విన్నాక నాకు కళ్లు కనబడలేదు. తియోనె పేరు ఎదుట గుర్తు పెట్టాను. మడిచి ఆవిడ చేతిలో పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని పెట్టె దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ వేళ్లతో చీలిక తడుముకుని వేసింది. "సరిగ్గా పడిందా నాయనా?" అని అడిగింది. పడిందత్తయ్యా అన్నాను.

మనియాబాలో నాలుగు వందల కాగితాల్లో కలిసిపోతుందనుకున్నాను. ఎవరిదో ఎప్పటికీ తెలియదనుకున్నాను. రేడియోలో సున్నా బదులు ఒక్కసారి ఒకటి అని వినాలనిపించింది, అంతే. నా భార్య కోసం మీ నాన్న అందరి ముందూ లేచాడు. నేను ఒక గుడ్డి ముసలావిడ చేతిలో దాక్కున్నాను.

చెప్పవచ్చు కదా అంటావు. పెద్దలు వచ్చిన రోజు ఉద్యోగం పోతుందని చెప్పలేదు, జైలు అని చెప్పలేదు. నాలుగు రోజుల్లో చల్లబడుతుందనుకున్నాను. మీ నాన్న పడవకు రెండో మనిషి కావలసిన రోజు నేను ఒడ్డునే ఉన్నాను. బడి ఉందని వెళ్లిపోయాను. తేలుకట్టె దొరికాక ఇక ఏ నోటితో చెప్పను? 1993లో మీ నాయనమ్మ మంచం పట్టినప్పుడు నన్ను పిలిపించింది. "నీకు తెలుసు నాయనా. వాడేనా?" అంది. ఎవరి ఓటు ఎవరిదో చెప్పకూడదని చట్టం అత్తయ్యా అన్నాను. అవునన్నట్టే తీసుకుంది. గోడ వైపు తిరిగి పడుకుంది, రెండో రోజు పోయింది.

ఇరవై రెండున లేచి ఇదే చెబుతానని నీకు మాటిస్తే బాగుంటుంది. నా మాట ఎంతదో చూశావు కదా. అందుకే ఇక్కడ రాసి, కింద నా పేరు, హోదా, తేదీ, వేలిముద్ర కూడా పెట్టాను. ఆ రోజు నేను లేవకపోతే నువ్వు లేచి ఈ కాగితం చదువు. నా ఎదుటే చదువు. అప్పుడు వాళ్లు నీకు సీటు ఇవ్వరేమో. దీవి పరువు తీశావనవచ్చు. పడవ ఇంకా ఆలస్యం కావచ్చు. ఆ పాపమూ నాదే.

ఇంకొకటి నువ్వు లెక్కపెట్టుకునే ఉంటావు, అయినా నా చేత్తో రాయాలి. ఆ రోజు చాప మీద పదకొండు కాగితాలు. మీ నాయనమ్మది తీసేస్తే పది. పదీ కైతారాకే. అక్కను పోగొట్టుకుని, సభలో ఒంటరిగా లేచి అడిగి, కాదనిపించుకుని కూర్చున్న మీ నాన్న, సరే అన్నందుకు కట్టుబడి కైతారాకే ఓటేశాడు.

నకిబే, బడిపంతులు (విశ్రాంత), 1987 బికెనా పోలింగ్ అధికారి, 2024 జూన్ 13 (ఎడమ బొటనవేలి ముద్ర)